నలభై మూడు లక్షల ఇరవై వేలు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్నాము. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వచ్చేసరికి అందరమూ చెవులు నిక్కించి విన్నాము. అంతకు ముందు శాస్త్రులుగారు యుగ ప్రమాణాలు చదివేటప్పుడు మాత్రం సభలో కొంచెం గుసగుసలు వినిపించాయి. పచ్చడి గిన్నెలు సర్దుకొనే వేళ అది. ఆ గుసగుసల్లో కొట్టుకుపోయిన సంఖ్య ఒకటి ఉన్నది. దాన్ని మళ్ళీ పట్టి తెచ్చి మీ ముందు పెట్టడమే ఈనాటి నా పని. నేను పదో తరగతి దాటి చదివినవాణ్ణి కాను. సిద్ధాంత గ్రంథాలు గురుముఖతః నేర్చుకొన్నవాణ్ణీ కాను. రైల్వేలో గుమస్తాను. కూడికలు సరిచూడడం నా వృత్తి. ఆ కళ్ళతోనే ఈ సంఖ్యను చూశాను.

ఆ సంఖ్య 43,20,000. ఒక మహాయుగంలోని సంవత్సరాలు. అందులో కృతయుగం 17,28,000, త్రేత 12,96,000, ద్వాపరం 8,64,000, కలి 4,32,000. నాలుగు, మూడు, రెండు, ఒకటి వంతులుగా పంచిన పంపకం ఇది. మొత్తం పది వంతులు. కలి ఒక వంతు గనుక, కలి ప్రమాణానికి చివర ఒక సున్న చేర్చితే మహాయుగం వస్తుంది.

ఈ సంఖ్య వినగానే మనలో రెండు రకాలవారు బయలుదేరుతారు. ఒకరు, "చూశారా, మనవాళ్ళకు లక్షల యేళ్ళ క్రితమే అంతా తెలుసు" అంటారు. రెండోవారు, "ఇదంతా పుక్కిటి పురాణం, పెద్ద అంకె చెప్పి భయపెట్టడం" అంటారు. ఇద్దరూ కాగితం పెన్సిలు తీసుకోరు. తీసుకొంటే ఇద్దరి మాటా నిలవదని నా మనవి.

మొదట పిల్లలకు ఒక సరదా. ఆర్యభటుడు ఈ సంఖ్యను రెండే అక్షరాల్లో రాశాడు: ఖ్యుఘృ. నోరు తిరగకపోయినా ఇది తిట్టు కాదు, లెక్క. మన వర్ణమాలలో క మొదలుకొని మ వరకు 1 నుంచి 25. ఆ తరువాత య అంటే 30. అచ్చులు స్థానాలను చెబుతాయి. ఉ అంటే పదివేలు, ఋ అంటే పది లక్షలు. ఖ 2, య 30, కలిపితే 32. దానికి ఉకారం తగిలితే 3,20,000. ఘ 4, దానికి ఋకారం తగిలితే 40,00,000. రెండూ కూడండి. పరాయి రాష్ట్రంలో మన పిల్లలకు గుణింతం నేర్పడం ఎంత కష్టమో ఈ సభలో తల్లులకు తెలుసు. గుణింతంతో లెక్కలు కూడా చెయ్యవచ్చునంటే కొందరైనా ఆశపడి నేర్చుకొంటారేమో.

ఇక సంఖ్యను విప్పి చూద్దాము. 43,20,000ను ప్రధాన సంఖ్యలుగా విడగొడితే రెండు ఎనిమిదిసార్లు, మూడు మూడుసార్లు, అయిదు నాలుగుసార్లు వస్తాయి. ఇంకే ప్రధాన సంఖ్యా లేదు. ఏడు లేదు, పదకొండు లేదు. దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు ఎన్ని? రెండును ఒక్కసారీ వాడకపోవడం దగ్గర నుంచి ఎనిమిదిసార్లు వాడడం దాకా 9 విధాలు. మూడుకు 4 విధాలు. అయిదుకు 5 విధాలు. తొమ్మిది నాలుగుల ముప్పై ఆరు, ముప్పై ఆరు అయిదుల నూట ఎనభై. అంటే 180 భాజకాలు. రాశులు 12తో పోతుంది, తిథులు 30తో పోతుంది, నక్షత్రాలు 27తో పోతుంది, మన సంవత్సరాల పేర్లు 60తో పోతుంది, వృత్తంలో భాగలు 360తో పోతుంది.

ఇంకొక చిత్రం. 12తో భాగిస్తే 3,60,000. అది 600 వర్గం. 27తో భాగిస్తే 1,60,000. అది 400 వర్గం. 108తో భాగిస్తే 40,000. అది 200 వర్గం. ఇది గారడీ కాదు. ఈ సంఖ్య 1200 వర్గానికి మూడు రెట్లు. 12, 27, 108 కూడా వర్గాలకు మూడు రెట్లే. మూడుకు మూడు పోతే వర్గాన్ని వర్గంతో భాగించినట్లయింది.

నాలుగు యుగాల అంకెలనూ కూడితే తొమ్మిది లేక పద్దెనిమిది వస్తుందని చెప్పి కొందరు మహిమ వర్ణిస్తారు. తొమ్మిదితో పోయే ఏ సంఖ్యలో అంకెలు కూడినా చివరకు తొమ్మిదే వస్తుంది. రైలు టిక్కెట్టు నంబరైనా అంతే. మా ఆఫీసుల్లో దీనికి మంచి ఉపయోగం కద్దు. రెండు మొత్తాలకు వచ్చిన తేడా తొమ్మిదితో పోతే, ఎక్కడో రెండు అంకెలు తారుమారైనవేమో చూడమంటారు. నిజమైన గుణాలు ఇన్ని ఉండగా లేని మహిమ అంటగట్టడం దేనికి?

సంఖ్య ఇంత పెద్దది ఎందుకయిందనేదే అసలు ప్రశ్న. మన తాతల నాడు రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైసలు, వెరసి 192 పైసలు. ముగ్గురు అన్నదమ్ములు రూపాయి పంచుకొంటే మనిషికి 64 పైసలు, పేచీ లేదు. 1957లో నూరు నయా పైసల రూపాయి వచ్చాక ముగ్గురికి పంచితే ఒక పైసా మిగిలిపోతుంది. హారం బాగుంటే లవాలు పూర్ణాంకాలవుతాయి. మనం బడిలో భిన్నాలు కూడేటప్పుడు హారాలకు కనిష్ఠ సామాన్య గుణిజం కట్టలేదా? మహాయుగం అటువంటి సామాన్య హారం. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, గురువు, శని ఒక్కొక్కరిదీ ఒక్కొక్క నడక. ఏ ఒక్క సంవత్సరం తీసుకొన్నా అందరికీ భిన్నాలే. అందరి చుట్లూ పూర్ణాంకాలుగా చెప్పాలంటే పెద్ద కాలం తీసుకోక తప్పదు.

సూర్య సిద్ధాంతం లెక్క చెబుతాను. ఒక మహాయుగంలో సూర్యుడు 43,20,000 చుట్లు తిరిగితే చంద్రుడు 5,77,53,336 చుట్లు తిరుగుతాడు. శని మెల్లగా నడిచేవాడు గనుక 1,46,568 చుట్లే. భాగించి చూడండి, ఒక్కొక్క చుట్టుకు సుమారు ఇరవై తొమ్మిదిన్నర యేళ్ళు. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు ఎందుకయిందో అందులోనే ఉన్నది, మూడు రాశులంటే వృత్తంలో పావు భాగం. ఇక మహాయుగంలో రోజులు 157 కోట్ల 79 లక్షల 17 వేల 828. ఒక్క భిన్నం లేదు. ఇంత గ్రంథమూ కూడికలు, తీసివేతలతో నడిచిపోతుంది.

తీసివేత ఒకటి చేద్దాము. చంద్రుని చుట్ల లోంచి సూర్యుని చుట్లు తీసివేస్తే, చంద్రుడు సూర్యుణ్ణి కలుసుకొన్న సార్లు, అనగా అమావాస్యలు వస్తాయి: 5,34,33,336. అవి చాంద్రమాసాలు. సౌరమాసాలు ఏడాదికి పన్నెండు చొప్పున 5,18,40,000. రెంటికీ తేడా 15,93,336. ఆ మిగులే అధిక మాసాలు! అధిక మాసమంటే ఎవరో దయతలచి ఇచ్చిన నెలా కాదు, పాపిష్టి నెలా కాదు. తీసివేతలో మిగిలినది.

సౌరమాసాలను అధిక మాసాలతో భాగిస్తే 32 నెలల 16 రోజులకు ఒక అధిక మాసం పడుతుంది. ఇది సగటు మాత్రమే. 2018లో అధిక జ్యేష్ఠం, 2020లో అధిక ఆశ్వయుజం, 2023లో అధిక శ్రావణం, 2026లో, అంటే ఈ పరాభవలో, మళ్ళీ అధిక జ్యేష్ఠం. ఎనిమిదేళ్ళలో మూడు. పందొమ్మిదేళ్ళు తీసుకొంటే ఏడు. పైన వచ్చే శేషం ఒక నెలలో నూరో వంతుకు లోపే.

మా పాప వేసిన ప్రశ్న ఇక్కడ మీ ముందు పెట్టాలి. ఇది మన ఇళ్ళన్నిటిలోనూ పుట్టే ప్రశ్నే. "మన కొత్త సంవత్సరం మార్చి 19న అయితే పక్కింటివాళ్ళది ఏప్రిల్ 14న ఎందుకు? సంవత్సరం పేరు మాత్రం ఇద్దరిదీ పరాభవే కదా. ఎవరిది తప్పు?" మన తమిళ సోదరులు చిత్తిరై మొదటి తేదీని పట్టుకొన్నారు. సూర్యుడు మేషంలో ప్రవేశించడం దాని గుర్తు. మనం చైత్ర శుద్ధ పాడ్యమిని పట్టుకొన్నాము. అమావాస్య దాటడం దాని గుర్తు. వారు సూర్యుని చుట్లతో మొదలుపెట్టారు, మనం చంద్రుని చుట్లను కూడా లెక్కలోకి తెచ్చుకొన్నాము. హారం ఒక్కటే, లవాలు వేరు. బళ్ళారిలో కన్నడిగులూ షోలాపురంలో మరాఠీవారూ మన లెక్కనే పాటిస్తారు గనుక అక్కడి తెలుగు పిల్లలకు ఈ ప్రశ్న పుట్టదు. ఇక్కడ పుడుతుంది. పుట్టిందని కసరవద్దు.

పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు. అందుచేత మన ఉగాది ఏటేటా పదకొండు రోజులు వెనక్కు జరుగుతుంది. 2025లో మార్చి 30న వచ్చినది 2026లో మార్చి 19కి వచ్చింది. ఇట్లాగే వదిలేస్తే ఉగాది మాఘమాసపు చలిలో పడి, వేపపువ్వూ దొరకదు, మామిడికాయా దొరకదు. ఈ సంవత్సరం అధిక జ్యేష్ఠం పడుతున్నది గనుక 2027 ఉగాది ఏప్రిల్ 7కు ముందుకు దూకుతుంది. అప్పుడు మనకూ పక్కింటివారికీ మధ్య ఏడు రోజులే.

ఇక ఈ సంఖ్యలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం చెబుతాను. దీన్ని సంవత్సరాలుగా కాక సెకనులుగా తీసుకోండి. రోజుకు 86,400 సెకనులు. 43,20,000 సెకనులంటే సరిగ్గా 50 రోజులు! కలి అయిదు రోజులు, ద్వాపరం పది, త్రేత పదిహేను, కృతం ఇరవై. ఎందుకిట్లా కుదిరింది? ఘడియలూ విఘడియలూ, నిమిషాలూ సెకనులూ అన్నీ అరవై చొప్పున పోయే కొలతలే. సంఖ్యా ఆ గింజలతో కట్టినదే. బాబిలోనియాలో క్రీస్తు పూర్వం మూడో శతాబ్దపు పురోహితుడు బెరోసస్ జలప్రళయానికి ముందటి రాజుల కాలం 4,32,000 యేళ్ళని రాశాడు. వారిదీ అరవై లెక్కే.

ఈ 50 రోజుల సంగతి వేడుక కోసం చెప్పలేదు. మహాయుగంలోని రోజుల మొత్తాన్ని ఒక్క రోజు పెంచామనుకోండి. ఆ ఒక్క రోజును 43,20,000 సంవత్సరాలకు పంచితే సంవత్సరానికి వచ్చేది సెకనులో యాభయ్యో వంతు. అనగా ఈ యుగం ఒక కొలబద్ద. దానిమీద ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య దూరం సెకనులో యాభయ్యో వంతు. సంఖ్య పెద్దదయినకొద్దీ కొలత సన్నబడుతుంది. పెద్ద అంకె చెప్పి భయపెట్టారన్నవారికి నా జవాబు ఇదే. బట్టలు కొలిచే గజం బద్దతో బంగారం తూచలేము.

పరీక్షించి చూద్దాము. ఆర్యభటుడి లెక్కలో మహాయుగానికి 157 కోట్ల 79 లక్షల 17 వేల 500 రోజులు. దాన్ని బట్టి సంవత్సరం 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 30 సెకనులు. చిల్లర లేదు, సరిగ్గా ముప్పై. సూర్య సిద్ధాంతంలో చివర 828 ఉన్నది, 328 రోజులు ఎక్కువ. 328ని 50తో భాగిస్తే ఆరున్నర పైచిలుకు. సూర్య సిద్ధాంత సంవత్సరం 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 36న్నర సెకనుల పైచిలుకు. సరిపోయింది కదా? హారాన్ని ముట్టుకోలేదు, లవాన్ని మాత్రం సవరించారు. పురాణమని కళ్ళు మూసుకొన్నవారు చేసే పని కాదిది. దిద్దుబాటుకు చోటుంచి కట్టిన లెక్క.

అయితే లెక్క చక్కగా పోయినంత మాత్రాన కొలత నిజం కావాలని లేదు. చాంద్రమాసం విషయంలో వీరి నేర్పు అద్భుతం. రోజులను చాంద్రమాసాలతో భాగిస్తే 29.530588, నేటి ఖగోళ శాస్త్రం చెప్పేదానికీ దీనికీ సెకనులో పదో వంతు తేడా కూడా లేదు. సూర్యుడి విషయంలో అంత కుదరలేదు. నక్షత్రాలను బట్టి చూస్తే నేటి కొలత 365 రోజుల 6 గంటల 9 నిమిషాల 10 సెకనులు. సూర్య సిద్ధాంతం మూడున్నర నిమిషాలు ఎక్కువ కట్టింది. పైగా ఎండా వానా నడిచేది విషువత్తుల మధ్య సంవత్సరాన్ని బట్టి. అది ఇంకా చిన్నది, 5 గంటల 48 నిమిషాల 45 సెకనులే. రెంటికీ ఏడాదికి 24 నిమిషాల తేడా. అరవై యేళ్ళకు ఒక రోజు. ఆర్యభటుడి కాలంలో వసంత విషువత్తును అంటిపెట్టుకొని ఉన్న మేష సంక్రాంతి ఈనాడు ఏప్రిల్ 14కు జారింది అందుకే. ఈ జారుడును ఆపాలని మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన సంఘం సిఫారసు చేసింది. 1957 మార్చి 22న జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. ప్రభుత్వ గెజెట్టులో తేదీ వేస్తారు. మన పండుగలు మాత్రం పాత బాటనే నడుస్తున్నవి. నాకడిగితే పండుగలకు తొందర లేదు గాని, జారుతున్నవన్న సంగతి పిల్లలకు చెప్పి తీరాలి.

ఇంకొక ముడి విప్పి ముగిస్తాను. సూర్య సిద్ధాంతంలో గ్రహాల చుట్ల సంఖ్యలన్నిటికీ చివరి రెండంకెలు చూడండి. చంద్రుడు 36, శని 68, గురువు 20, కుజుడు 32, శుక్రుడు 76, బుధుడు 60. అన్నీ నాలుగుతో పోతాయి. రోజుల సంఖ్యా పోతుంది. అంటే నిజానికి వీరందరికీ మహాయుగం అక్కరలేదు. నాలుగో వంతు, 10,80,000 సంవత్సరాలు చాలు. మరి నాలుగింతలు ఎందుకు తీసుకొన్నారు? చంద్రోచ్చం అని ఒకటున్నది. చంద్రుడు భూమికి ఎక్కువ దూరాన ఉండే స్థానం. అది తొమ్మిదేళ్ళకు కొంచెం తక్కువలో ఒక చుట్టు తిరుగుతుంది. దాని చుట్లు 4,88,203. బేసి సంఖ్య! రాహువు చుట్లు 2,32,238. సరి సంఖ్యే గాని నాలుగుతో పోదు. ఈ ఇద్దరి కోసం మొత్తం యుగం కావలసివచ్చింది. బండి నిండా జనం ఎక్కి కూర్చున్నాక ఒక్కరి కోసం ఆగినట్లు.

ఆర్యభటుడు ఈ నాలుగో వంతునే యుగపాదం అన్నాడు. నాలుగు, మూడు, రెండు, ఒకటి పంపకాన్ని వదిలి నాలుగు పాదాలూ సమానమన్నాడు. ఇది స్మృతులకు విరుద్ధమని బ్రహ్మగుప్తుడు 628లో తప్పుపట్టాడు. గణితం వైపు నుంచి చూస్తే ఆర్యభటుడిదే చక్కని పంపకమని నాకు తోస్తుంది. దానికి ఒక సాక్ష్యం కూడా ఉన్నది. యుగం బుధవారం సూర్యోదయంతో మొదలయిందని ఆయన చెప్పాడు. కలి మొదలయ్యేనాటికి మూడు పాదాలు గడిచాయి. ఒక పాదంలో రోజులు 39,44,79,375. ఏడుతో భాగించండి, మూడు మిగులుతుంది. మూడు పాదాలకు తొమ్మిది. అందులో ఒక వారం తీసివేస్తే రెండు. బుధవారం మీద రెండు, శుక్రవారం. కలి ప్రారంభం క్రీస్తు పూర్వం 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం! పది లక్షల యేళ్ళు మూడుసార్లు దాటి వచ్చి వారం తప్పలేదు. ఈ లెక్క సరిపోయిన రాత్రి నేను రెండోసారి కాఫీ పెట్టించుకొన్నాను.

కలిలో 60 అరవైలు, అనగా 3600 యేళ్ళు గడిచేసరికి తనకు ఇరవై మూడేళ్ళని ఆర్యభటుడు రాసుకొన్నాడు. అది క్రీస్తు శకం 499. దాన్నిబట్టి మనమూ లెక్కపెట్టవచ్చు. ఏ ఇంగ్లీషు సంవత్సరానికైనా 3101 కలిపితే ఆ ఉగాదికి గడిచిన కలి సంవత్సరాలు వస్తాయి. 2026కు 5127. దానికి 12 కలిపి 60తో భాగిస్తే శేషం 39. ముప్పై తొమ్మిది పేర్లు గడిచి నలభయ్యోది నడుస్తున్నదన్నమాట. ప్రభవ నుంచి లెక్కపెట్టండి, నలభయ్యోది పరాభవ. ఆ 12 ఎందుకంటే, కలి మన లెక్కలో పదమూడో పేరయిన ప్రమాథితో మొదలయింది. 4,32,000 కూడా అరవైతో శేషం లేకుండా పోతుంది గనుక బహుధాన్యతో ముగుస్తుంది. దానికి ఇంకా 4,26,873 యేళ్ళున్నవి. అద్దె ఇళ్ళవారు కంగారుపడనక్కరలేదు.

వెనకటి పరాభవ 1966లో వచ్చింది, రాబోయేది 2086లో. 1966 ఉగాదికీ 1967 ఉగాదికీ మధ్య పుట్టినవారికి ఈ ఏడాదిలో షష్టిపూర్తి. మన సంఘంలో అటువంటి దంపతులు ఉన్నారని విన్నాను. వారు దయచేసి తమ పేర్లు, నక్షత్రాలు కార్యదర్శిగారికి రాసి ఇవ్వండి. జ్యేష్ఠంలో పుట్టినవారు మాత్రం మే 17 నుంచి జూన్ 15 దాకా నడిచేది అధిక మాసమని గుర్తుంచుకొని, నిజ జ్యేష్ఠంలో తిథి చూసుకోవాలి.